ఆటలకు పేపరు, రేడియో, టీవీ చేసిన మేలు – మనం చేయాల్సిన పని

(సమాఖ్య వార్షికోత్సవ సభలో, పిల్లల ఆటల పోటీల బహుమతుల సందర్భంగా చేసిన ప్రసంగం)

 

చేనేత సొసైటీ కార్యదర్శికి ఆటల గురించి, పేపర్ల గురించి ఏం తెలుసు అని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోవడంలో తప్పు లేదు. మా చదువు ఎనిమిదో తరగతి. నూలు లెక్క, చద్దర్ల లెక్క, మెంబర్ల బాకీల లెక్క, ఇవే మాకు తెలిసినవి. కానీ పేటలో అరవై ఏళ్లు బతికినవాళ్లం, ఆట ఎట్లా పెరిగిందో, ఎట్లా తగ్గిందో కళ్లతో చూసినవాళ్లం. ఈ విషయంలో మేము చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది ఈ సభలో చెప్పకపోతే మనసు ఒప్పదు.

మా చిన్నప్పుడు షోలాపూర్ తూర్పు భాగంలో మగ్గాల చప్పుడు లేని గల్లీ లేదు. సాయంత్రం పని దిగాక పోరగాండ్లంతా ఖాళీ జాగాలో గీతలు గీసి చెడుగుడు ఆడేవాళ్లం. మరాఠీవాళ్లు దాన్నే హుతుతు అనేవాళ్లు. తెలుగు పోరగాండ్లు ఒక జట్టు, మరాఠీ పోరగాండ్లు ఒక జట్టు. ఒకడు ఊపిరి బిగబట్టి తెలుగులో కూత పెడితే ఇంకోడు మరాఠీలో పెట్టేవాడు. గెలిచినవాళ్లకి ఒక ప్లేటు భజియా. ఆ ఆటల్లో ఎంత గట్టి ఆటగాళ్లున్నా వాళ్ల పేరు ఆ గల్లీ దాటి పోలేదు. రాసేవాడు లేడు, చెప్పేవాడు లేడు.

అప్పుడు సాంచాల షెడ్డులో ఒక రేడియో ఉండేది. క్రికెట్ ఉన్న రోజు బాళ్ పండిత్ గారి మరాఠీ కామెంటరీ వచ్చేది. సాంచాల చప్పుడుకి సగం మాట వినపడదు. అయినా ఒకడు చెవి ఆనించి విని, మిగతావాళ్లకి అరిచి చెప్పేవాడు. పాలీ ఉమ్రిగర్ పుట్టింది మన షోలాపూర్‌లోనే అని పెద్దవాళ్లు చెబితే ఛాతీ ఉప్పొంగేది. 1983లో కపిల్ దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి మేము పని ఆపి రేడియో చుట్టూ కూర్చున్నాం. ఆ మర్నాటి నుంచి గల్లీలో ఏమైందో మీకే తెలుసు. చెక్క పలకలు చెక్కి బ్యాట్లు చేసుకున్నారు. చెడుగుడు గీతలు చెరిగిపోయాయి.

దీన్ని బట్టి మాకు అర్థమైంది ఒకటే. రేడియో, పేపరు, టీవీ దేన్ని చూపిస్తే పిల్లలు దాన్ని ఆడతారు. చూపించని ఆట ఎంత మంచిదైనా మూలన పడుతుంది. ఇది పేపర్లవాళ్లని తిట్టడానికి చెప్పడం లేదు. పడుగు ఎంత గట్టిదైనా పేక పడకపోతే గుడ్డ కాదు కదా. ఆటగాడు పడుగు అనుకుంటే, అతని గురించి నలుగురికి చెప్పే మాట పేక.

మన మహారాష్ట్రలోనే రెండు సంగతులు చూడండి. కరాడ్ దగ్గర గోలేశ్వర్ అనే పల్లె. అక్కడి ఖాశాబా జాధవ్ గారు 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో కుస్తీలో కంచు పతకం తెచ్చారు. స్వతంత్రం వచ్చాక మన దేశానికి ఒక్క మనిషిగా వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే. ఊరివాళ్లు ఎడ్ల బండ్లు కట్టుకొని వెళ్లి ఊరేగింపుగా తీసుకొచ్చారు. ఆ తర్వాత? దేశం దాదాపు మర్చిపోయింది. ఆయన 1984లో పోయారు. అర్జున అవార్డు ఇచ్చింది ఆయన పోయిన ఎన్నో ఏళ్లకి. బతికుండగా చేతికి అందని గౌరవం అది.

ఇంకో సంగతి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాళే తుపాకీ పోటీలో కంచు పతకం తెచ్చాడు. మహారాష్ట్ర మనిషికి సొంతంగా ఒలింపిక్ పతకం రావడానికి మళ్లీ 72 ఏళ్లు పట్టింది. ఈసారి గంట లోపల ఆ కుర్రాడి ఊరు, ఇల్లు, తల్లిదండ్రులు, రైల్వేలో టికెట్ కలెక్టర్ ఉద్యోగం, అన్నీ మన ఫోన్లలోకి వచ్చేశాయి. అంతకు ముందు రైఫిల్ షూటింగ్ అంటే ఏంటో మా గల్లీలో ఒక్కడికి తెలియదు. ఆ వారం చిన్నపిల్లలు కర్రలు పట్టుకొని గురి చూస్తున్నారు. ఇద్దరిదీ ఒకటే పతకం, ఒకటే రాష్ట్రం. ఎవరు చెప్పారు, ఎంత తొందరగా చెప్పారు అన్న దాంట్లోనే తేడా అంతా.

ఇప్పుడు కబడ్డీ సంగతి. మన చెడుగుడే. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని పతకాల ఆటగా పెట్టారు. మన వాళ్లు బంగారం తెచ్చారు. మహారాష్ట్రలో ఈ ఆట కోసం బువా సాళ్వీ గారు జీవితమంతా తిరిగారు. ఆయన పుట్టినరోజు జులై 15ను ఇక్కడ కబడ్డీ దినంగా చేస్తారు. ఇంత జరిగినా కబడ్డీ ఆటగాడంటే పేపర్లో నాలుగు లైన్లు, అది కూడా క్రికెట్ వార్తల కింద.

2014 జులైలో ప్రో కబడ్డీ మొదలైంది. టీవీవాళ్లు ఏం చేశారో గమనించండి. ఆటని మార్చలేదు, చూపించే పద్ధతి మార్చారు. మ్యాట్ అంతకు ముందే వచ్చింది, కానీ దాని మీద రంగులు, దీపాలు పెట్టారు. కూతకి 30 సెకన్లు అని గడియారం తెర మీద పెట్టారు. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో అన్నారు. పట్టినవాణ్ని మళ్లీ నెమ్మదిగా చూపించారు, ఎవడి చెయ్యి ఎక్కడ తగిలిందో ముసలమ్మకి కూడా కనపడేలాగ. మా ఇంట్లో ఎన్నడూ ఆటలు చూడని ఆడవాళ్లు బీడీలు చుట్టుకుంటూ కబడ్డీ చూశారు. మొదటి ఏడాదే 43 కోట్ల మందికి పైగా చూశారని లెక్కలు వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద పని, కామెంటరీ తెలుగులో కూడా పెట్టారు. మన భాషలో చెబితే ఆట మన ఇంటికి వస్తుంది.

దాని ఫలితం పైసల్లో చూడండి. 2014లో వేలంలో అందరికన్నా ఎక్కువ ధర పలికిన ఆటగాడికి 12 లక్షల 80 వేలు. 2023లో పవన్ సెహ్రావత్‌ని తెలుగు టైటన్స్ వాళ్లు 2 కోట్ల 60 లక్షలు పెట్టి తీసుకున్నారు. మధ్యలో 2019లో మన కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి కుర్రాడు సిద్ధార్థ్ దేశాయికి అదే తెలుగు టైటన్స్ 1 కోటి 45 లక్షలు ఇచ్చింది. మరాఠీ కుర్రాడు తెలుగు జట్టు బనియన్ వేసుకొని ఆడుతుంటే మా గల్లీలో తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు కలిసి ఒకే టీవీ ముందు కూర్చొని ఈలలు వేశారు. ఇలాంటిది మా చిన్నప్పుడు ఊహించలేదు.

ఖోఖో కూడా అంతే. ఈ ఆటకి నియమాలు రాసింది పూణెలో. కానీ మన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటి ఉంది. దేశం మొత్తం మీద ఖోఖో మొదటి జాతీయ పోటీలు 1959-60లో జరిగింది విజయవాడలో. ఈ మాట మా పిల్లలకి చెబితే వాళ్లు నమ్మలేదు. మన షోలాపూర్ జిల్లా వేళాపూర్ ఖోఖోకి పెట్టింది పేరు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఖోఖోని ప్రదర్శన ఆటగా చూపించారు. ఆ తర్వాత నలభై ఏళ్లు బడి మైదానాల్లోనే ఉండిపోయింది. 2022లో అల్టిమేట్ ఖోఖో అని టీవీలో వచ్చింది. ఫైనల్లో మన తెలుగు యోధాస్ ఒక్క పాయింటుతో ఓడిపోయింది, ఒడిశా వాళ్లకి 46, మనకి 45. ఇక్కడ కూర్చున్న మన ఒడిశా అన్నలు నవ్వుతున్నారు. నవ్వండి, మీ హక్కు అది. ఆ రాత్రి మా పిల్లలు అన్నం తినలేదు. తెలుగు యోధాస్‌కి ఆడిన మరాఠీ కుర్రాడు ప్రతీక్ వాయ్‌కర్ 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ కప్పులో మన దేశానికి కెప్టెన్. ఆడపిల్లల జట్టుకి మహారాష్ట్ర అమ్మాయి ప్రియాంకా ఇంగ్లే కెప్టెన్. మగపిల్లల జట్టులో మన వేళాపూర్ కుర్రాడు రామ్‌జీ కశ్యప్, ఆంధ్ర కుర్రాడు శివారెడ్డి ఇద్దరూ ఉన్నారు. రెండు కప్పులూ మనకే వచ్చాయి. ఫైనల్లో నేపాల్ మీద ఆడపిల్లలు 78-40తో, మగపిల్లలు 54-36తో గెలిచారు.

ఇంతవరకు చెప్పింది పెద్ద పేపర్లు, పెద్ద టీవీలు చేసిన పని. కానీ అవి చూపించేది పైకి వచ్చినవాణ్ని. పైకి రాని పిల్లల్ని చూసేది ఎవరు? ఇక్కడే మా తప్పు సంగతి చెప్పాలి.

ఇది ఇరవై ఏళ్ల కిందటి మాట. మా సొసైటీ మెంబరు ఒకాయన, చద్దర్లు నేసేవాడు. ఇంటామె బీడీలు చుట్టేది. వాళ్ల బిడ్డ బడిలో ఖోఖో ఆడేది. స్తంభం దగ్గర మలుపు తిరిగితే పట్టుకునేవాళ్లు లేరు. జిల్లా జట్టులోకి తీసుకున్నారు, అక్కడి నుంచి రాష్ట్ర పోటీలకి పోయింది. జట్టు గెలిచింది. మర్నాడు ఒక పేపర్లో వార్త వచ్చింది. నలుగురు ఆటగాళ్ల పేర్లు రాసి "మిగతావాళ్లు కూడా బాగా ఆడారు" అని ముగించారు. ఆ మిగతావాళ్లలో మా పిల్ల ఉంది. ఇంకో పేపర్లో పేరు వేశారు గాని ఇంటిపేరు మార్చేశారు. మన తెలుగు ఇంటిపేర్లు మరాఠీ పేపర్లో ఎట్లా తిరగబడతాయో మీ అందరికీ అనుభవమే. ఆ పిల్ల తండ్రి చదువు రాని మనిషి. పేపరు వేరేవాళ్లతో చదివించుకున్నాడు. "పేపర్ల పేరే రాలె. ఇంక ఏం ఆటవే అది? ఇంట్ల కూసొని బీడీలు చుట్టు, నాలుగు పైసలన్న వస్తయ్" అన్నాడంట.

ఆ పిల్ల మా ఆఫీసుకి వచ్చింది. మన సంఘం వార్షిక సంచికలో తన ఫోటో, పేరు వేస్తే నాయన మనసు మారుతుందేమో అని అడిగింది. చిన్న ఫోటో, కవర్లో పెట్టుకొని తెచ్చింది. మేము ఏం అన్నాం? "పేజీలు లేవమ్మా, అన్నీ అభినందనల ప్రకటనలకి అయిపోయినయ్, వచ్చే ఏడు చూద్దాం" అన్నాం. ఆ సంచికలో ఎవరి ఫోటోలు ఉన్నాయో చెప్పమంటారా? దండలు వేసుకున్నవాళ్లవి, దండలు వేసినవాళ్లవి. మా ఫోటో కూడా ఉంది, అరపేజీ.

ఇంకా ఉంది. ఆటగాళ్లకి పది, పన్నెండు తరగతుల పరీక్షల్లో అదనపు మార్కులు ఇస్తారని, సర్కారు ఉద్యోగాల్లో ఆటగాళ్లకి 5 శాతం ఉంటుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ వార్తలు పేపర్లలో రాకుండా ఏం లేవు. మా ఆఫీసుకి రోజూ పేపరు వస్తుంది. మేము నూలు ధర చూసుకొని పక్కన పడేసేవాళ్లం. ఆ పేపర్లతోనే చద్దర్లు చుట్టి పంపేవాళ్లం. ఆ పిల్లకి పనికొచ్చే మాట మా చేతుల మీదుగానే పోయింది, మేము చదవలేదు. ఆ పిల్ల పదో తరగతితో ఆపేసింది. పెండ్లి అయింది. బీడీలు చుట్టింది. ఎవరి మీద తప్పు వెయ్యాలి? మరాఠీ పేపరు మీద వేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ పేపరాయనకి మన ఇంటిపేరు తెలియదు. మాకు తెలుసు. తెలిసినవాళ్లం రాయలేదు.

అన్నదమ్ములారా, పేపర్లో పేరు అంటే గొప్ప కోసం కాదు. మన ఇండ్లలో ఆట అంటే పని ఎగ్గొట్టడం. ఆడపిల్ల అయితే ఇంకా చెప్పక్కర్లేదు. నలుగురు చదివే కాగితంలో పేరు కనపడితే ఆ తండ్రికి ఒక ధైర్యం వస్తుంది. చుట్టాలు అడిగితే చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. ఇంకో రెండేళ్లు ఆడనిస్తాడు. ఆ రెండేళ్లలోనే పిల్ల జీవితం తిరుగుతుంది.

ఇప్పుడు మన సంచిక కాగితం మీద కాదు, ఫోన్లో వస్తోంది. అచ్చు ఖర్చు లేదు, పేజీల లెక్క లేదు. కాబట్టి పేజీలు లేవు అనే సాకు ఇంక చెల్లదు. మేము సమాఖ్య ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

మొదటిది. ప్రతి ఊరి సంఘంలో ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ఆటల వార్తలు రాయడానికి పెట్టాలి. పెద్ద చదువు అక్కర్లేదు. ఎక్కడ ఆడారు, ఎవరితో ఆడారు, ఎంతకి ఎంత, ఎవరు బాగా ఆడారు, ఇంతే. ఆడినవాళ్లందరి పేర్లు రాయాలి, "మిగతావాళ్లు" అనే మాట మన దాంట్లో ఉండకూడదు. ఇంటిపేరు తెలుగులో ఒకసారి, ఆ ఊరి భాషలో ఒకసారి, మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియానో, రాసి పెట్టుకోవాలి. ఓడిపోయిన ఆట కూడా రాయాలి.

రెండోది. ఆ వార్తని అదే రోజు సాయంత్రం లోపల స్థానిక పేపర్లకి పంపాలి. పోయిన ఏడాది నుంచి మేము ఇది చేసి చూస్తున్నాం. పేపరాఫీసులో మనుషులు తక్కువ, ప్రతి మైదానానికి వాళ్లు రాలేరు. మనం శుభ్రంగా రాసి, ఫోటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు వేసి, చీకటి పడకముందు పంపితే వేస్తున్నారు. మర్నాడు పంపితే అది వార్త కాదు. ఫోటోలో ఆటగాళ్లు ముందు, పెద్దలు వెనక. ఆడపిల్లల ఫోటో అయితే ఇంట్లోవాళ్లని అడిగి వెయ్యాలి.

మూడోది. పరీక్ష మార్కులు, ఉద్యోగాల కోటా, జట్టు ఎంపికలు, ఇట్లాంటి వార్తలు పేపర్లో రాగానే తెలుగులో రెండు లైన్లు రాసి అన్ని సంఘాల వాట్సాప్‌లో పెట్టాలి. సర్టిఫికెట్లు జాగ్రత్త చేసుకోమని తల్లిదండ్రులకి చెప్పాలి. మా ఆఫీసులో పేపరు చదివే పని మేమే తీసుకున్నాం. ఇప్పుడు నూలు ధర రెండో సంగతి.

నాలుగోది, జాగ్రత్త మాట. ఆట చూపించే ఆ తెర మీదే జట్టు కట్టు, పైసలు గెలువు అని ప్రకటనలు వచ్చేవి. మన పోరగాండ్లు ఎంతమంది కూలి పైసలు అందులో పోసి చెడిపోయారో ప్రతి పేటకీ తెలుసు. 2025లో కేంద్రం పైసల ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం పెడుతూ చట్టం చేసింది, మంచిదే. కానీ చట్టం ఒక్కటే కాపాడదు. పిల్లవాడు ఫోన్లో ఆట చూస్తున్నాడా, ఆట పేరుతో జూదం ఆడుతున్నాడా, ఇంట్లోవాళ్లు కనిపెట్టాలి. మైదానానికి పంపని పిల్లవాడే ఫోన్‌లోకి పోతాడు. టీవీలో కబడ్డీ చూసి చప్పట్లు కొట్టి, గల్లీలో ఆడేవాణ్ని "పనీపాటా లేదా" అని తిడితే ఏం లాభం? పేటలో ఆడుకోవడానికి ఒక జాగా మిగల్చమని కార్పొరేషన్‌కి అర్జీ పెట్టే పని కూడా మనదే. జాగా లేకపోతే రాయడానికి వార్తే ఉండదు.

చివరగా ఒక మాట చెప్పి ముగిస్తాము. ఆనాడు కవర్లో ఫోటో తెచ్చిన ఆ పిల్ల ఇవాళ ఈ సభకి వచ్చింది. ఆమె బిడ్డ ఇప్పుడు ఖోఖో ఆడుతోంది, ఇంతకు ముందే ఈ వేదిక మీద బహుమతి తీసుకుంది. పొద్దున ఆమె మా దగ్గరికి వచ్చి, "కాకా, ఈసారి పేజీ ఉందా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. మేము తలెత్తి జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ అందరి ముందు చెప్తున్నాం. ఉందమ్మా. ఈ సంచికలో ఆటగాళ్ల పేజీలు ముందు, మా కార్యదర్శుల ఫోటోలు తర్వాత. నీ బిడ్డ పేరు, ఆమె జట్టులో అందరి పేర్లు, ఇంటిపేర్లతో సహా వేస్తున్నాం. నీ దగ్గర ఆ పాత ఫోటో ఉంటే అది కూడా తెచ్చియ్యి. ఇరవై ఏళ్లు ఆలస్యమైంది, అయినా వేస్తాం.